రంగూన్ అవ్వ ఆర్మోనియం పెట్టె

పోయిన ఆదివారం మా మనవరాలు ఒక నవల చేతిలో పెట్టుకోని నా మంచం మీదికొచ్చి కూచుంది. తమిళంలో ఉండే నవల. బిడ్డకు తెలుగు మాట్లాడను వస్తాది గానీ చదవను రాదు. దాంట్లో ఒక వాయిద్యం ఉంటాదంట. ఊరిడిచి బతకను పోయినవాళ్ళ చేతుల్లోనే అది తరం తరం మారతా పోతాదంట. కథంతా చెప్పి, "నిజంగా అట్ల జరగతాదా అవ్వా? ఒక పెట్టె మనుషులకంటే ఎక్కువ దూరం పోతాదా?" అనడిగింది.

"పోతాది. మన ఇంటికే ఒకటి వచ్చి పోయింది" అన్నా.

బిడ్డ నవల మూసేసింది. ఆ పొద్దు దానికి చెప్పిందే ఇది. చెప్తా ఉంటే నాకే తెలవకుండా ఎన్నెన్నో గుర్తుకొచ్చినాయి.

అప్పుడు నేను ఎనిమిదో తొమ్మిదో చదవతా ఉంటి. మాది తిరుత్తణి పక్కన, తెలుగూ తమిళం రెండూ మాట్లాడే పొదటూరుపేట, మగ్గాల వీధి. పొద్దున కండ్లు తెరవకముందే చెవిలో పడేది మగ్గం సద్దు. ముక్కుకు తగిలేది గంజి వాసన. వీధి పొడుగునా పడుగు సాగదీసి గంజి పెట్టి కుంచెతో దువ్వతా ఉంటే, ఆ పుల్లటి వాసన మా పావడాలకు, జడలకు, అమ్మ పెట్టే సద్దన్నానికి కూడా పట్టుకోనుండేది. మా ఇంట్లో నేసేది గళ్ళ లుంగీలు. నాయన మగ్గం గుంటలో దిగితే మధ్యానం దాకా పైకి రాడు. నేనూ మా తమ్ముడూ రాట్నం కాడ కూచోని కండెలు చుట్టేవాళ్ళం.

ఇంటి వెనక వసారాలో రంగూన్ అవ్వ ఉండేది. మా తాత తమ్ముడు వయసులో బర్మాకు పోయి గుడ్డల యాపారం చేసి, ఆడనే పెండ్లి చేసుకోని, ఆడనే కాలం చేసినాడు. ఆయన పెండ్లామే ఈమె. పుట్టింది కూడా రంగూన్‌లోనే. వాళ్ళ నాయన కాకినాడ వైపు నుంచి ఓడెక్కి పోయిన మనిషంట. బర్మాలో మనవాళ్ళను ఉండొద్దని పంపించేసిన కాలంలో, నేను పుట్టకముందు, ఈమె ఒంటిగా మద్రాసులో ఓడ దిగి, ఎన్నడూ కండ్లతో చూడని మొగుడి ఊరును అడుగుతా అడుగుతా వచ్చి చేరింది. చేతిలో ఒక గుడ్డల మూట, నెత్తిన ఒక ఆర్మోనియం పెట్టె.

"గడపలో నిలబడి 'ఇది మా వారి అన్నగారి ఇల్లేనాండీ?' అనడిగింది మే" అని అమ్మ ఎన్నిసార్లు చెప్పేదో. "ఆ మాట విని నేను డ్రామా వాళ్ళనుకుంటి. పక్కింటికి పోమ్మా, ఈడ డ్రామా యాడా లేదంటి."

అవ్వ తెలుగు మా తెలుగు కాదు. మేము యాడ అంటే ఆమె ఎక్కడ అంటాది. మేము పోయుంటి అంటే ఆమె వెళ్ళాను అంటాది. నేనూ తమ్ముడూ ఆమె వెనకాలే నడస్తా "ఎక్కడికి వెళ్ళావే, ఎప్పుడు వచ్చావే" అని ఎగతాళి చేసేవాళ్ళం. ఒకనాడు గిరుక్కున తిరిగి, మా పెద్ద మేనత్త గొంతు మాదిరే గొంతు పెట్టి, "యాడికి పోయుంటిరి రా ఇంతసేపు, కండెలు ఎవురు చుట్టేది, మీ తాతా?" అనింది. మగ్గం గుంటలో మా నాయన నవ్వినాడు. ఆమె మాటకు నాయన నవ్వింది అదే మొదలు.

నాయనకు ఆమె అంటే మర్యాద ఉండాది, దానితోపాటు ఒక సిగ్గు కూడా ఉండాది. ఆమె చీర కట్టదు. మా మగ్గం మీద దిగిన లుంగీనే నడుముకు చుట్టుకోని, పైన తెల్ల రవిక తొడుక్కునేది. బర్మాలో ఆడోళ్ళంతా అట్లనే కట్టుకుంటారంట. ఒక చెక్కను సానరాయి మీద అరగదీసి, ఆ గంధాన్ని చెంపలకు గుండ్రంగా పూసుకునేది. దాని పేరు తనాకా. ఎండకు చలువ అనేది. ఒకనాడు నేను అవ్వ చేత అది పూయించుకోని ఇస్కూలుకు పోతే, "ఏమ్మా, మీ ఇంట్లో సున్నం కొడతా ఉండారా?" అని తమిళంలో అడిగింది టీచరు. క్లాసంతా నవ్వినారు. నేను కడుక్కోలేదు. అవ్వ పూసింది ఎందుకు కడగాల?

ఆమె వంట కూడా వేరే. అరటిదూట సన్నగా తరిగి, ఎండుచేప, శనగపిండి వేసి గుమగుమలాడే పులుసు కాచి, దాన్ని సేమ్యా మాదిరుండే బియ్యప్పిండి సేవల మీద పోసి, పైన వేయించిన ఎర్రగడ్డలు చల్లి, నిమ్మకాయ పిండి ఇచ్చేది. మొహింగా అంటారు దాన్ని. వీధిలో మొదట ముక్కు మూసుకున్నోళ్ళే పోను పోను గిన్నెలెత్తుకోని వచ్చేవాళ్ళు.

ఇంగ ఆ పెట్టె. నల్ల చెక్క, అంచులు చేతులు తగిలి తగిలి గోధుమరంగు తిరిగినాయి. నొక్కే మెట్లు ముసలోళ్ళ పండ్ల మాదిరి పసుప్పచ్చగా ఉండేవి. మూత తీస్తే కర్పూరం, పాత చెక్క, ఇంగా ఏదో ఉప్పటి వాసన. "అది సముద్రం" అనేది అవ్వ. అట్లా ఇట్లా కాదు, రెండుమూడు సముద్రాలు తాగింది ఇది అనేది.

వీధికి వినబడకుండా వాయించుకో చిన్నమ్మా అని నాయన చెప్పినందుకు, ఆమె సాయంత్రం మగ్గాలు ఆగినాక వసారా తలుపు గడియ పెట్టుకోని వాయించేది. నేను లోపల ఉండేదాన్ని. ఒకనాడు ఆమె బాయికాడికి పోయింటే, తమ్ముడు వెనక తిత్తి ఊదతా ఉంటే నేను మెట్లు నొక్కి తిరుత్తణి బస్సు హారను కొడతా ఉంటి. "తిరుత్తణి, తిరుత్తణి, రైట్ రైట్" అని వాడు అరుపు. అవ్వ తడి చేతులతో వచ్చి వాకిట్లో నిలబడింది. దెబ్బలు ఖాయం అనుకుంటి.

"ఆ బస్సు అరిచేది మధ్యమంలోనే. నువ్వు పంచమం నొక్కుతున్నావు" అనింది. పక్కన కూచోని నా వేలు పట్టుకోని ఒక మెట్టు ఇవతలికి జరిపింది. నిజంగా బస్సే వచ్చి నిలబడినట్ల అనిపించింది. నా సంగీతం పాఠం మొదలైంది అట్ల.

ఆ పెట్టె ఎట్ల వచ్చిందో ఆమె చెప్పేది. కండెలు చుట్టేటప్పుడు ఎన్నిసార్లు అడిగి చెప్పించుకున్నానో. అది ఆమె నాయనది. రంగూన్ రేవులో పగలంతా బియ్యం మూటలు మోసి, సాయంత్రం స్నానం చేసి, కూలోళ్ళు ఆడే నాటకాలకు ఆర్మోనియం వాయించేవాడంట. యుద్ధం వచ్చి బాంబులు పడినప్పుడు మనవాళ్ళు గుంపులు గుంపులుగా అడవి దోవ పట్టి ఇండియాకు నడిచినారు. అప్పటికి అవ్వకు కొత్తగా పెండ్లయింది. బియ్యం మొయ్యాలనా, పెట్టె మొయ్యాలనా అంటే బియ్యమే కదా. ఆమె నాయన ఆ పెట్టెను పక్కింటి దర్జీకి అప్పజెప్పినాడు. ఆ దర్జీ తంజావూరు వైపు నుంచి బతకను వచ్చినాయన. కాలు బాగలేక నడవలేనని ఊర్లోనే నిలిచిపోయినాడు.

"మా నాన్న అడవిలోనే పోయారే" అనేది అవ్వ. అంతకంటే ఆ సంగతి ఎక్కువ చెప్పేది కాదు. "యుద్ధం అయ్యేదాకా కాకినాడ వైపు నాన్న వాళ్ళ ఊళ్ళోనే ఉండి, మేము మళ్ళీ రంగూన్ వెళ్ళాం. వీధి వీధంతా బూడిద. దర్జీ మామ గుడిసె మాత్రం ఉంది. నన్ను చూడగానే లోపలికి వెళ్ళి పెట్టె తెచ్చి ముందు పెట్టాడు. ఆయనకి ఒక్క స్వరం రాదు. కానీ పెట్టెకి ఊపిరి ఆడాలని రోజూ తిత్తి ఊదేవాడట. బాంబులు పడే రోజుల్లో కూడా."

నాకు ఆ దర్జీ అంటే శానా ఇష్టం. ముఖం తెలవదు. కుంటి కాలితో కూచోని, పాట రాని మనిషి పెట్టెకు గాలి పోసేది కండ్లకు కట్టినట్ల అగుపడేది.

ఇంగొక కథ ఓడరేవుది. తిరిగొచ్చేటప్పుడు రంగూన్ రేవులో అధికారులు ఆమె కమ్మలు, గాజులు, ముక్కుపుడక అన్నీ తీసి పెట్టుకున్నారు. బంగారం దేశం దాటకూడదంట. పెట్టెలో కూడా దాచుంటాదని పగలగొట్టను సుత్తి తెప్పించినారు.

"అప్పుడేం చేస్తివి అవ్వా?" అని నాకు తెలిసినా అడిగేదాన్ని.

"ఏం చేస్తాను? నేలమీద చతికిలబడి వాయించాను. వాళ్ళ పాటే, బర్మా జోలపాట. పక్కింటి బర్మా ఆవిడ బిడ్డకి పాడేది, విని విని నేర్చుకున్నాను. సుత్తి పట్టుకున్నవాడు చిన్న కుర్రాడు. వాడి చెయ్యి కిందికి దిగిపోయింది. పెద్ద ఆఫీసరు ముఖం అటు తిప్పుకుని, తీసుకుపో అన్నాడు."

ఆ పాట ఆమె మాకు పాడతా వాయించి చూపించేది. మాటలు అర్థం కావు. కండెలు చుట్టే తమ్ముడు మాత్రం అది వింటే రాట్నం కాడనే తూగేవాడు.

ఆ ఏడు ఆడినెల, తమిళ లెక్కన ఆషాఢం, వచ్చింది. ఆడిగాలికి రుబ్బురోలు కూడా ఎగురుతాదని మా వైపు సామెత. పడుగు వీధిలో నిలవదు, దుమ్ము గంజికి అంటుకుంటాది. పని తక్కువ, పండగ ఎక్కువ. మారెమ్మకు రాగిగంజి కాచి కూళు పోసేది, మునగాకు వేపుడు, గిన్నెలు పట్టుకోని వరస. ఆ తర్వాత ఆడికృత్తిక, తిరుత్తణి స్వామి పండగ. మా వీధి భజన జట్టు ఏటేటా కావిళ్ళెత్తుకోని తిరుత్తణి కొండకు పోతాది. ఆ ఏడు ఆర్మోనియం వాయించే మామ సైకిలు మీద నుంచి పడి మణికట్టు విరగ్గొట్టుకున్నాడు. ఆయన పెట్టె కూడా ఆయన కిందనే పడి నలిగిపోయింది.

పండగ ముందర ఒక సాయంత్రం భజన పెద్దాయన, ఇంగ కొందరు మా తిన్నె మీదికొచ్చి కూచున్నారు. అమ్మ కాపీ ఇచ్చింది. పెద్దాయన గొంతు సవరించుకోని, "మీ చిన్నమ్మ కాడ పెట్టె ఉండాదంట గదా. పళ్ళిపట్టు నుంచి వాయించేవాన్ని పిలిపించుకుంటాము. పెట్టె మటుకు ఇప్పిస్తే స్వామి కార్యం నడిచిపోతాది" అన్నాడు.

నాయన లోపలికి చూసినాడు. అవ్వ తలుపు వెనక నుంచి వచ్చి నిలబడింది. లుంగీ మీదనే ఉండాది. అమ్మ కండ్లతోనే సైగ చేసింది, లోపలికి పోయి చీర కట్టుకోని రమ్మని. అవ్వ కదల్లేదు.

"పెట్టె ఇవ్వడానికి నాకు అభ్యంతరం లేదండీ. కానీ అది ఒంటరిగా ఎక్కడికీ వెళ్ళదు. నేను కూడా వస్తాను. నేనే వాయిస్తాను" అనింది.

తిన్నె మీద ఒకాయన, "ఆడోళ్ళు వీధిలో భజనకు వాయించేది మన ఊర్లో యాడా లేదే అమ్మా" అన్నాడు. ఇంగొకాయన, "ఇంట్లో వాయించుకో తల్లీ, ఎవురొద్దన్నారు" అన్నాడు.

"ఇంట్లోనే వాయిస్తున్నానుగా. తలుపు మూసుకుని" అనింది అవ్వ. గొంతు పెంచలేదు. ఆ మాట మా నాయనకు తగిలింది. ఆయన తలొంచుకున్నాడు. నేను అమ్మ కొంగు పట్టుకోని నిలబడి, ఆ పెట్టెను ఒంటిగా పళ్ళిపట్టు వాయిద్యగాడు ఎత్తుకోని పోతే నేనేమైపోతానో అని చూస్తా ఉండా.

పెద్దాయన కాపీ గ్లాసు కింద పెట్టినాడు. ఆమెను ఒకసారి చూసినాడు, మా నాయనను ఒకసారి చూసినాడు.

"సరి. కొండెక్కేటప్పుడు పెట్టె మోసేదెవురు?" అనడిగినాడు.

"నేను మోస్తా" అన్నాడు నాయన.

ఆడికృత్తిక పొద్దు అవ్వ చీర కట్టింది, మొదటిసారి చూసినాము. పసుపు చీర, చెంపలకు తనాకా. బస్సులో మనుషుల మీద మనుషులు, వాళ్ళ మీద పూల కావిళ్ళు. మల్లెపూలు, చెమట, కర్పూరం, నిమ్మకాయలు, పులిహోర అన్నీ కలిసిన వాసన. తిరుత్తణిలో దిగితే కొండ అడుగు నుంచి పైదాకా పసుప్పచ్చ గుడ్డలే. "హరోహరా" అంటే రాయికి రాయి జవాబిస్తాది.

మెట్లకాడ మా జట్టు నిలబడింది. నాయన భుజం మీది తువ్వాలు తీసి పెట్టెకు కట్టి, అవ్వ మెడకు తగిలించినాడు. పెద్దాయన పాట ఎత్తుకున్నాడు. ఆయన గొంతు పాతబడిన గొంతు, పైకి పోతే పగిలిపోతాది. మణికట్టు విరిగిన మామ అయితే ఆ పగుల్ను కప్పను బలంగా వాయించేవాడు. అవ్వ అట్ల చెయ్యలేదు. ఆయన గొంతు యాడ పగలతాదో ఆడ పెట్టెను మెత్తగా చేసి, కింద నుంచి చెయ్యి పట్టుకున్నట్ల ఎత్తింది. పెద్దాయన పాడతా పాడతా పక్కకు తిరిగి చూసినాడు. అంత బాగా ఆయన పాడింది నేను మళ్ళీ యాడా వినలేదు.

జనం ఆగి చూసినారు. వేరే ఊరి జట్ల ఆడోళ్ళు, "పాటి వాసిక్కిరాంగ పారు, పాటి!" అని, అవ్వ వాయిస్తా ఉండాది చూడమని ఒకరికొకరు చూపించుకున్నారు. ఎవురో ఒకామె పూలు తెచ్చి అవ్వ జడలో పెట్టింది. మజిలీ మజిలీకి ఆమె కూచోని వాయించేది, మళ్ళీ మెట్లెక్కేటప్పుడు నాయన పెట్టెను భుజానికెత్తుకునేవాడు. ఊరంతా చూస్తా ఉంటే, తలెత్తుకోని. నాకు స్వామి దర్శనం ఎట్ల అయ్యిందో గుర్తు లేదు. నాయన భుజం మీది పెట్టె మాత్రం గుర్తుండాది.

దిగినాక సత్రంలో విస్తరాకుల ముందర కూచున్నాము. అప్పుడు మా చిన్నాయన వచ్చినాడు. ఆయన గుమ్మిడిపూండిలో ఫ్యాక్టరీలో పని చేస్తా ఆడనే గది తీసుకోనుండినాడు. ఆయన వెంట ఒకామె, నా ఈడుదే ఒక పిల్ల. "మా పక్క గదిలో ఉంటారు వదినా. సిలోన్ నుంచి వచ్చినారు. తిరుత్తణి స్వామిని చూడాలంటే పిలుచుకోనొచ్చినా" అని అమ్మకు చెప్పినాడు. సిలోన్‌లో గొడవలని పేపర్లో, రేడియోలో వచ్చేది. ఇండ్లు కాల్చేస్తా ఉంటే మనుషులు పడవలెక్కి ఈ పక్కకు వచ్చే కాలం అది.

ఆ పిల్ల తినడం సగంలోనే ఆపి పెట్టె పక్కన చేరింది. "ఆచ్చీ, నాన్ తొట్టుప్ పాక్కట్టా?" అని అవ్వను అడిగింది. వాళ్ళ వైపు అవ్వను ఆచ్చి అంటారంట. తాకి చూడచ్చా అని ఆ మాటకు అర్థం. ముందర చెయ్యి కడుక్కోని రా అనింది అవ్వ, తమిళంలో.

చెయ్యి కడుక్కోని, పావడాకు తుడుచుకోని, ఆ పిల్ల వాయించింది. ఏం చెప్పేది? నేను అన్ని నెలలుగా నేర్చుకుంటా ఉండేదంతా ఆ పిల్ల ఊపిరి తీసినంత తేలిగ్గా వాయించి పక్కన పెట్టేసి, అక్కడి నుంచి మొదలుపెట్టింది. వాళ్ళ సముద్రం పాటేదో, అలలాగా వచ్చి వచ్చి వెనక్కు పోతా ఉండేది. పెట్టెలో ఒక మెట్టు పలికేది కాదు. ఆ పిల్ల ఒకసారి నొక్కి చూసి, ఇంగ దాని జోలికి పోకుండా చుట్టూ తిరిగి పాట నడిపించింది. సత్రంలో వడ్డించేవాళ్ళు గరిటెలు పట్టుకోని నిలబడిపోయినారు.

నాకు కడుపులో మంట. అంత చక్కగా ఉండాదని తెలస్తా ఉంటే ఆ మంట ఇంగా ఎక్కువయ్యింది.

పిల్ల తల్లి అవ్వ పక్కన కూచోని మెల్లగా చెప్పింది. "ఇంట్లో ఒకటి ఉండేది. వాళ్ళ నాయన నేర్పించినాడు." అంతే. పెట్టె ఏమైంది, నాయన ఏమైనాడు, చెప్పలేదు. అవ్వ ఆమె చెయ్యి తీసుకోని తన ఒళ్ళో పెట్టుకుంది.

ఊరికొచ్చినాక అవ్వ గడియ పెట్టడం మానేసింది. నాయనే తలుపు తీసి పెట్టినాడు. వీధి ఆడోళ్ళు సాయంత్రమైతే వచ్చి కూచునేవాళ్ళు, పాడేవాళ్ళు. అంతా బాగుండాది. కానీ వానలు మొదలైనాక ఒకనాడు అవ్వ నన్ను దగ్గర కూచోబెట్టుకోని అడిగింది.

"ఈ పెట్టె ఆ సిలోన్ పిల్లకి ఇవ్వాలని ఉందే నాకు. నువ్వు నేర్చుకుంటున్నావు కాబట్టి నిన్ను అడక్కుండా ఇవ్వను. నీకు కావాలా?"

"కావాల" అంటి.

"సరే" అనింది. ముఖం చిన్నబుచ్చుకోలేదు. మరునాడు మామూలుగానే పాఠం చెప్పింది. అమ్మకు తెలిసి, "బాగా చెప్తివి మే, మనింటి వస్తువు మనింట్లో ఉండాల" అనింది. భజన పెద్దాయనకు తెలిసి ఆయన కూడా అదే మాట అన్నాడు. ఆ పెట్టె మన వీధికి గౌరవం అన్నాడు.

నేను ఆ సముద్రం పాట నేర్చుకోవాలని చూసినా. ఇస్కూలు నుంచి వచ్చేది, పెట్టె ముందర కూచునేది. అల ముందుకు వస్తాది, వెనక్కు పోదు. వాన పడతా ఉంటే తమ్ముడు వచ్చి, "కండెలతో ఆడుకుందాం రా అక్కా" అంటే లేచిపోయేదాన్ని. పోతా పోతా ఒకనాడు నాకే తెలిసింది. నాకు పిలుపొస్తే లేచిపోతా ఉండా. ఆ పిల్ల పప్పన్నం ముందర నుంచే లేచొచ్చింది. నాకు కావాల్సింది పెట్టె, ఆ పిల్లకు కావాల్సింది పాట.

మగ్గం గుంట కాడికి పోయి నాయనకు చెప్పినా. ఆయన మగ్గంలో అటూ ఇటూ ఆడే నాడెను ఆపి చేతిలో పెట్టుకోని నన్ను చూసి, "మీ అవ్వకు చెప్పుపో" అన్నాడు.

అవ్వ పొయ్యి ముందర ఉండాది. "అవ్వా, గుమ్మిడిపూండికి ఎప్పుడు పోదాం?" అంటి. ఆమె ఊదుగొట్టం కింద పెట్టి, బూడిద చేతులతోనే నన్ను దగ్గరికి లాక్కుంది. నా లంగాజాకెట్టంతా బూడిద. అమ్మ తిట్టింది.

తిరుత్తణిలో రైలెక్కి, మద్రాసులో దిగి, ఇంగొక రైలు మారి పోయినాము, నాయన, అవ్వ, నేను. రైలంతా టిఫిన్ క్యారియర్లు పట్టుకున్న ఫ్యాక్టరీ మనుషులు. చిన్నాయన స్టేషనుకు వచ్చినాడు. రేకుల కప్పు కింద వరసగా గదులు, వాకిట్లో నీళ్ళ డ్రమ్ములు. ఆ పిల్ల మమ్మల్ని చూసి వాకిట్లోకి ఉరికొచ్చింది. పెట్టెను చూసి ఆగిపోయింది.

వాళ్ళమ్మ మాకు సేవల మాదిరుండే ఇడియాప్పం, కొబ్బరిపాలతో కాచిన సొది పులుసు, ఎర్రగా నూరిన కొబ్బరి సంబలు పెట్టింది. ఆ సొది తింటా ఉంటే అవ్వ, "మా రంగూన్ ముఖం ఉందే దీనికి" అనింది. తిన్నాక పెట్టెను ఆ పిల్ల ముందరికి జరిపింది. విషయం అర్థమయ్యేసరికి తల్లి రెండు చేతులూ అడ్డం పెట్టింది.

"వద్దమ్మా. మేము ఈడ ఎన్నాళ్ళుంటామో, మళ్ళీ యాడికి పోతామో మాకే తెలవదు. ఇంత విలువైనది మేమెట్ల పెట్టుకునేది?" అని తమిళంలో అనింది.

"ఇది ఒకచోట ఉండేవాళ్ళ దగ్గర ఎప్పుడూ లేదమ్మా" అనింది అవ్వ. "మా నాన్న ఓడలో తెచ్చాడు. దర్జీ మామ బూడిదలో కాపాడాడు. నేను మళ్ళీ ఓడలో తెచ్చాను. దీనికి ప్రయాణాలు కొత్త కాదు. దీనికి కావాల్సింది వాయించే వేళ్ళు. అంతే."

ఆ తల్లి ఏడ్చింది. పిల్ల ఏడవలేదు. పెట్టెను ఒళ్ళోకి తీసుకోని, నా పక్క చూసి, "నువ్వు కూడా వాయించు" అనింది. ఇద్దరమూ ఒకటిగా వాయించినాము. నేను వచ్చే అల, ఆ పిల్ల పోయే అల. పక్క గదుల మనుషులంతా వాకిట్లో చేరినారు.

తిరిగొచ్చేటప్పుడు తిరువళ్ళూరు స్టేషన్లో జామకాయలు అమ్మే ఒకామె రైలెక్కి మా ఎదురుగా కూచుంది. ఊరికే మాట కలిపి, "ఏ ఊరు పాటీ మీది?" అని అవ్వను అడిగింది. నాకు తెలిసి ఎవురడిగినా అవ్వ చెప్పే జవాబు ఒకటే, రంగూన్. ఆ పొద్దు జామకాయ కొరుకుతా, "పొదటూరుపేట" అనింది. నాయన కిటికీ నుంచి ముఖం తిప్పి ఆమెను చూసినాడు. అవ్వ మాత్రం కాయ తియ్యగా ఉండాదని నాకు సగం విరిచిచ్చింది.

ఆ తర్వాత ఏడు ఆడికృత్తికకు ఆ పిల్ల వచ్చి మా జట్టులో వాయించింది. అవ్వ తాళం వేసింది. మా వీధి ఆడోళ్ళు శానామంది కొండెక్కినారు, పాడతా. ఆపను ఎవురూ రాలేదు. ఇంగ కొన్నేండ్లకు అవ్వ పోయింది, రోగం రొష్టు లేకుండా, పొద్దున చెంపలకు తనాకా పూసుకున్నాక. ఆమెను ఎత్తుకోని పోయేటప్పుడు వీధిలో ఒక్క మగ్గం కూడా ఆడలేదు.

ఆమె పోయిన కొంతకాలానికి ఆ తల్లీబిడ్డలు మా ఇంటికొచ్చినారు. వాళ్ళకు చుట్టాలెవురో వేరే దేశానికి దోవ చూపించినారంట, మంచు పడే దేశం. పోయేముందు పెట్టెను తిరిగి ఇచ్చేసి పోదామని ఎత్తుకోనొచ్చినారు. పిల్ల అప్పటికి పెద్దదైపోయింది. పెట్టెను మా తిన్నె మీద పెట్టి, నా పక్క చూడకుండా నిలబడింది.

నాయన దాన్ని చూసినాడు. మూత తీసి ఒకసారి తిత్తి ఊదినాడు. ఆయనకు ఒక్క స్వరం రాదు. మూత మూసి, "రెండు దినాలుండి పోండమ్మా" అన్నాడు.

ఆ రెండు దినాలు నాయన మగ్గం మీదికి వేరే పడుగు ఎక్కించినాడు. రెండు పోగుల నూలు, ముదురు పచ్చ, ఎరుపు గళ్ళు, అవ్వకు ఇష్టమైన రంగులు. నేను కండెలు చుట్టిచ్చినా. గుడ్డ దించి, అమ్మ చేత సంచి మాదిరి కుట్టించి, పెట్టెను దాంట్లో పెట్టి, నాలుగు పక్కలా లాగి చూసి ఆయనే ముడి వేసినాడు.

"మా చిన్నమ్మ ఉండుంటే, తీసుకోనన్నందుకు తిట్టుండేది. ఓడలో అయినా విమానంలో అయినా కింద పెట్టొద్దండి, ఒళ్ళో పెట్టుకోండి" అన్నాడు ఆ పిల్లతో.

బస్సు కాడికి పెట్టెను ఆయనే మోసినాడు. బస్సు కదిలినాక కూడా ఆడనే నిలబడినాడు, భుజం మీద తువ్వాలు సర్దుకుంటా. ఆ మనుషుల సంగతి మాకు మళ్ళీ తెలవలేదు. మా వీధిలో చేతిమగ్గాలు ఒక్కొక్కటే పోయినాయి, నాయన కూడా పోయినాడు. ఆ గళ్ళ గుడ్డ ఈ పాటికి చిరిగిపోయుంటాది. పెట్టె మటుకు ఏదో ఒక మంచు ఊర్లో, ఎవురో ఒకరి ఒళ్ళో కూచోని పలకతా ఉంటాదనే నేను అనుకుంటా.